పాత పికప్‌కి అడిగిన ధర ఇవ్వొచ్చా?

విజయవాడ ఆటోనగర్‌లోనైనా, హైదరాబాద్ శివార్లలో వరసగా బళ్లు నిలబెట్టిన యార్డుల్లోనైనా పాత బొలెరో పికప్ ధర అడిగితే వచ్చే అంకెకు ఆ బండితో ఉన్న సంబంధం తక్కువ. అమ్మే మనిషి ఫైనాన్స్‌కి ఇంకా ఎంత కట్టాలి, కొత్త బండికి డౌన్ పేమెంట్ ఎంత కావాలి, మధ్యవర్తికి ఎంత పోతుంది, పక్క ఊళ్లో మొన్న ఒకటి ఎంతకు పోయిందని విన్నాడు, ఇవన్నీ కలిసి ఆ అంకెగా బయటికొస్తాయి. కొనేవాళ్లు ఫోన్‌లో నాలుగు ప్రకటనలు చూసి సగటు తీసుకుంటారు. ఆ ప్రకటనల్లో ఉండేవి అడుగుతున్న ధరలే గాని అమ్ముడైన ధరలు కావు. పైగా సరైన ధరకు పెట్టిన బండి రెండు మూడు రోజుల్లో వెళ్లిపోతుంది, ఎక్కువ అడిగిన బండి నెలల తరబడి తెర మీదే ఉండిపోతుంది. అందుకే ఆ సగటు ఎప్పుడూ పైకే చూపిస్తుంది.

పికప్ సంపాదించి పెట్టే బండి. కారు కొన్నట్టు రంగు, సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టం చూసి కొంటే నష్టమే. దాని విలువ తేలేది రెండు అంకెల మీద. ఇంటికి తెచ్చి నిఖార్సుగా కిరాయికి తోలేనాటికి మొత్తం ఎంత పడుతుంది అన్నది ఒకటి. ఆ తర్వాత ఎన్ని నెలలు ఆగకుండా తిరుగుతుంది అన్నది రెండోది. అడిగిన ధర ఈ లెక్కలో ఒక పద్దు మాత్రమే. ఆ రెండు అంకెలూ చేతిలో ఉంటే ధర ఎక్కువో తక్కువో ఎవరినీ అడగక్కర్లేదు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ లెక్క ఎక్కువగా పడేది నాలుగైదు రకాల బళ్ల మీద. 2005లో వచ్చిన టాటా ఏస్, మహీంద్రా బొలెరో పికప్, 2011 నుంచి ఉన్న అశోక్ లేలాండ్ దోస్త్, 2016లో వచ్చిన మారుతి సూపర్ క్యారీ, 2019 తర్వాతి టాటా ఇంట్రా. తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డి-మాక్స్ కూడా అక్కడక్కడా అమ్మకానికి వస్తుంది గాని, అందులో సొంత వాడకానికి కొన్న వీ-క్రాస్ రకం వేరే లోకం. దానికి కిరాయి లెక్క సరిపోదు.

కొత్త బండి ధర నుంచి మొదలుపెట్టాలి

పాత బండి ధరకు పైకప్పు కొత్త బండి ధరే. ఆ పైకప్పు ఈమధ్య కిందికి దిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సరకు రవాణా వాహనాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు ధర మారలేదనుకుంటే, అంతకుముందు షోరూంలో 10 లక్షలున్న బండి 9 లక్షల 22 వేలకు వచ్చినట్టు. 2023లోనో 2024లోనో కొన్న మనిషి పాత పన్ను కట్టాడు. ఆ డబ్బు తిరిగి రాబట్టుకోవాలన్న కోరిక అతను అడిగే ధరలో కనిపిస్తుంది, అది సహజమే. కాని ఆ పన్ను బండిలో లేదు. రెండు మూడేళ్ల బండికి "నేను కొన్నప్పుడు ఇంత" అన్న మాటను లెక్కలోకి తీసుకోకూడదు. ఇవాళ షోరూంలో అదే మోడల్, అదే పాసింగ్ (మోయడానికి అనుమతి ఉన్న బరువు), ఆన్ రోడ్ ఎంత అన్నదే ప్రశ్న. కొటేషన్ తీసుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. అది జేబులో లేకుండా పాత బండి బేరానికి వెళ్లడం తప్పు.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారికి ఇంకో కోణం ఉంది. సరకు బండి మీద కట్టిన జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాను కట్టాల్సిన జీఎస్టీలోంచి మినహాయించుకునే అర్హత అతనికి ఉంటే, కొత్త బండి షోరూం ధరలో సుమారు 15 శాతం వెనక్కి వచ్చినట్టే. అదే పాత బండిని ఒక వ్యక్తి దగ్గర కొంటే ఏ క్రెడిట్టూ ఉండదు. హార్డ్‌వేర్ షాపో, మందుల హోల్‌సేలో నడిపే మనిషికి మూడేళ్ల లోపు పాత పికప్ చాలాసార్లు కొత్తదానికంటే ఖరీదు పడుతుంది. ఆడిటర్‌ని ఒక మాట అడిగితే తేలిపోయే విషయం ఇది, కాని అడిగేవాళ్లు తక్కువ.

కొత్త ధర తెలిశాక తరుగు లెక్క. ఇన్సూరెన్స్ కంపెనీలు బండి విలువ కట్టడానికి వాడే పట్టిక ఇక్కడ పనికొస్తుంది. కంపెనీ ప్రస్తుత ధర మీద ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50 శాతం తీసేస్తారు. ఐదేళ్లు దాటితే ఇరుపక్షాలూ ఒప్పుకున్న విలువ. మార్కెట్ ఈ పట్టికను అచ్చంగా పాటించదు. ఏ మండల కేంద్రంలోనైనా స్పేర్లు దొరికే, ఏ మెకానిక్‌కైనా చేయి తిరిగిన బొలెరో పికప్ పట్టిక కంటే పైనే పలుకుతుంది. దగ్గర్లో సర్వీస్ లేని మోడల్ కిందికి దిగుతుంది. అయినా పట్టిక ఉపయోగం పట్టికదే. అడిగిన ధర దానికంటే ఎంత పైన ఉందో, ఆ పై మొత్తానికి కారణం ఏమిటో అమ్మేవాళ్లు చెప్పగలగాలి. సింగిల్ ఓనర్, కొత్త టైర్లు, తాజా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), సర్వీస్ రికార్డు, ఇవి కారణాలు. "బొలెరోకి అంతే ఉంటుందండీ" అన్నది కారణం కాదు.

మీటరు కంటే మోసిన బరువు

లక్ష కిలోమీటర్లు తిరిగిన రెండు పికప్‌లు పక్కపక్కనే నిలబడితే ఒకదాని విలువ రెండోదానిలో సగం కావచ్చు. ఎన్ని కిలోమీటర్లు అన్న ప్రశ్న అందరూ వేస్తారు. ఏం మోసింది, ఎంత మోసింది అన్నది వేసేవాళ్లు కొద్దిమందే. మీటరును వెనక్కి తిప్పొచ్చు. మోసిన బరువు మాత్రం ఇనుములో గుర్తుగా మిగిలిపోతుంది.

భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు చేపలు, రొయ్యలు తోలిన బండి చూడండి. ఐసు కరిగిన నీళ్లు, రొయ్యల చెరువుల ఉప్పు నీళ్లు రోజూ తొట్టి అడుగు నుంచి కారి ఛాసిస్ మీద పడతాయి. ఇంజిన్ బాగుండొచ్చు, కిలోమీటర్లు తక్కువే ఉండొచ్చు. కింద పడుకుని చూస్తే తొట్టి కింది అడ్డ ఛానళ్లు, కమాన్ కట్టల (బరువు మోసే వంపు పట్టీల స్ప్రింగుల) బ్రాకెట్లు, బ్రేక్ పైపులు పొరలు పొరలుగా లేస్తుంటాయి. అలాంటి బండికి పైన కొత్త రేకు వేసి, కింద నల్ల రంగు కొట్టి అమ్మకానికి పెడతారు. కింద తాజా నల్ల రంగు కనిపిస్తే అది శుభ్రత అనుకోవద్దు. స్క్రూడ్రైవర్ మొనతో నాలుగు చోట్ల గీకితే లోపలి సంగతి తెలుస్తుంది. అమ్మేవాళ్లు గీకనివ్వకపోతే అదే జవాబు.

మదనపల్లె మార్కెట్ నుంచి టమాటా క్రేట్లు తోలిన బండి కథ వేరు. రాత్రి ప్రయాణం, తెల్లారేసరికి మార్కెట్‌కి చేరాలన్న తొందర, ఎత్తుగా పేర్చిన లోడు, ఘాట్ రోడ్లు. ఇక్కడ ముందుగా పోయేవి బ్రేకులు, వీల్ బేరింగులు, స్టీరింగ్ జాయింట్లు. ఇసుక, ఇటుక, సిమెంటు, ఇనుప ఊచలు మోసిన బండి అన్నిటికంటే దెబ్బతిన్నది. దాని తొట్టి పక్క డోర్లు బయటికి ఉబ్బి, అడుగు రేకు గుంటలు పడి ఉంటుంది. నగరంలో నీళ్ల క్యాన్లు, గ్యాస్ సిలిండర్లు దించే ఏస్‌కి కిలోమీటర్లు తక్కువ చూపిస్తుంది గాని రోజంతా మొదటి గేరు, రెండో గేరే. క్లచ్, స్టార్టర్, గేర్ బాక్సు వయసు మీటరు కంటే చాలా ఎక్కువ.

దీనికి ఎదురుగా, రోజూ ఒకే దారిలో తిరిగే పాల బండికి కిలోమీటర్లు భయపెట్టేలా ఉంటాయి. అయినా లోడు స్థిరం, రోడ్డు తెలిసినదే, బండి ఆగితే పాలు విరిగిపోతాయి గనక సర్వీసు తప్పదు. ఫర్నిచర్ షాపు బండి, షామియానా సామాన్ల బండి, బేకరీ డిస్ట్రిబ్యూషన్ బండి కూడా ఈ కోవలోవే. రెండు లక్షల కిలోమీటర్ల పాల బండి, ఎనభై వేల కిలోమీటర్ల ఇటుకల బండి ఒకే ధరకు వస్తే మొదటిదే తీసుకోవాలి. ఈ మాట చాలామంది కొనుగోలుదార్లకు మింగుడుపడదు. మెకానిక్‌లకు మాత్రం బాగా తెలుసు.

లోడు చరిత్ర చెప్పే అతి స్పష్టమైన సాక్ష్యం వెనక కమాన్ కట్టలు. కంపెనీ ఇచ్చినవాటి మీద అదనంగా పట్టీలు వేయించి ఉంటే, దాన్ని గొప్పగా చెబుతారు. "కట్టలు ఎక్కించాం, ఎంతైనా లాగుతుంది" అంటారు. అది ఓవర్‌లోడు తోలామని చెప్పడమే. అదనపు పట్టీ బండి వంగకుండా ఆపుతుంది, అంతే. ఆ బరువు యాక్సిల్ మీద, హౌసింగ్ మీద, బేరింగుల మీద, ఛాసిస్ మీద అలాగే పడుతుంది. మొదట్లో వచ్చిన ఏస్ ఇంజిన్ 702 సీసీ, రెండు సిలిండర్లు, 750 కిలోల లోడుకు రూపొందించినది. దాని మీద టన్నున్నర వేసి ఏళ్ల తరబడి తోలితే ఏమవుతుందో ఊహించొచ్చు. ఛాసిస్ మీద కమాన్ బ్రాకెట్ల దగ్గర, క్యాబిన్ వెనక, తొట్టి మొదలయ్యే చోట వెల్డింగ్ మచ్చలుంటే బేరం అక్కడితో ఆపేయడం మంచిది. ఇంజిన్ బాగు చేయించుకోవచ్చు, విరిగి అతికిన ఛాసిస్‌కి పూర్వపు బలం రాదు.

టైర్లు కూడా మాట్లాడతాయి. పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. ముందు టైరు ఒక అంచే అరిగిందంటే అలైన్‌మెంట్ పోయింది, లేదా ముందు భాగం ఏదో దెబ్బ తింది. వెనక రెండు టైర్లు వేర్వేరు తీరున అరిగితే యాక్సిల్ పక్కకు జరిగిందేమో చూడాలి.

ఇంజిన్ దగ్గర

ముందే ఫోన్ చేసి, ఇంజిన్ వేడెక్కించవద్దని చెప్పి పొద్దున్నే వెళ్లాలి. బానెట్ మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలిందంటే ఏదో దాచారు. చల్లటి ఇంజిన్ ఎంత త్వరగా అందుకుంటుంది, పొగ ఏ రంగు, ఈ రెండూ సగం విషయం చెబుతాయి. ఆగకుండా నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ కొన్ని నిమిషాల తర్వాత కూడా తగ్గకపోతే కంప్రెషన్ పోయిందనో, నీళ్లు లోపలికి వెళుతున్నాయనో అనుమానించాలి. నల్ల పొగ ఇంజెక్టర్లు, టర్బో, ఎయిర్ ఫిల్టర్ వైపు చూపిస్తుంది. ఆయిల్ పోసే మూత తీసి ఇంజిన్ నడుస్తుండగా చూస్తే బ్యాక్ కంప్రెషన్, అంటే పిస్టన్ల పక్క నుంచి కిందికి జారే వాయువు ఎంతుందో తెలుస్తుంది. అక్కడ పొగ గట్టిగా ఎగదన్నుతుంటే ఇంజిన్ విప్పి బాగు చేయించాల్సిన దశకు వచ్చింది. బొలెరో పికప్ వంటి రెండున్నర లీటర్ల ఇంజిన్‌కు పూర్తి పని అంటే లక్ష రూపాయల చుట్టుపక్కల లెక్కలో పెట్టుకోవడమే క్షేమం.

ఖాళీ బండిని రోడ్డు మీద తిప్పి చూడటం పికప్ విషయంలో చాలదు. లోడు లేనప్పుడు అన్నీ బాగానే నడుస్తాయి. ఏదైనా గోడౌన్ నుంచి పది పదిహేను బస్తాలు ఎక్కించుకుని ఒక ఫ్లైఓవర్ ఎక్కించి చూస్తే క్లచ్ జారుతోందా, మూడో గేరు ఊడుతోందా, క్రౌన్ పినియన్ (వెనక యాక్సిల్‌లోని పళ్ల చక్రాలు) ఏడుస్తోందా అన్నీ తేలతాయి. అమ్మేవాళ్లు దీనికి ఒప్పుకోరని చాలామంది అడగనే అడగరు. హమాలీ ఖర్చు మనదే అంటే ఒప్పుకునేవాళ్లు చాలామందే ఉంటారు.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలకు తగిన కొత్త బళ్లే అమ్మాలి. అందుకే మార్కెట్లో రెండు తరాలున్నాయి. బీఎస్-4 బండిని ఊళ్లో మెకానిక్ విప్పి బాగు చేయగలడు. 2019, 2020 మొదట్లో వచ్చిన బీఎస్-4 బళ్లకు గిరాకీ నిలబడటానికి అదే కారణం. బీఎస్-6 డీజిల్ బండిలో పొగ శుద్ధి చేసే ఫిల్టరు, దాని సెన్సర్లు, పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ అన్నీ ఉంటాయి. వీధుల్లో ఆగి ఆగి తిరిగిన బండిలో ఆ ఫిల్టరు మసితో పూడుకుంటుంది, మార్చాలంటే చిన్న ఖర్చు కాదు. దాన్ని కోసి తీసేసి, సెన్సర్లను ఏమార్చిన బళ్లు కూడా తిరుగుతున్నాయి. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ హెచ్చరిక దీపం ఒకసారి వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. అసలు వెలగనే లేదంటే దాన్ని ఎవరో తీసేశారు. ఆటోనగర్‌లలో స్కానర్ పెట్టి చూసేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. కొన్ని మోడళ్లలో ఆ స్కానర్ ఇంజిన్ కంప్యూటర్‌లో నమోదైన కిలోమీటర్లు కూడా చూపిస్తుంది. మీటరు అంకెకు, దానికి పొంతన లేకపోతే ఇక మాట్లాడాల్సిందేమీ లేదు.

కాగితాల ఖరీదు

కాగితాల్లో లోటు ఉంటే దాన్ని రూపాయల్లోకి మార్చి ధరలోంచి తీసేయాలి. అలా మార్చలేని లోటు ఒకటుంది, అదే హైపోథికేషన్. సీ బుక్ (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్) మీద ఫైనాన్స్ కంపెనీ పేరు ఉన్నంతకాలం బండి మీద దాని హక్కు ఉన్నట్టే. "మిగతా కిస్తీలు మీరు కట్టుకుంటూ పోండి, అయిపోయాక పేరు మార్చుకుందాం" అన్న బేరాలు పల్లెల్లో ఇప్పటికీ జరుగుతున్నాయి. ధర ఎంత ఆకర్షణీయంగా ఉన్నా వీటికి దూరంగా ఉండాలి. కిస్తీలు ఒకరు కడుతుంటారు, రుణం ఇంకొకరి పేర ఉంటుంది. అదే కంపెనీలో రుణం ఉన్న మనిషికి వేరే బాకీ ఉంటే ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న కాగితం) రాదు. బ్యాంకు ఎన్‌వోసీ, హైపోథికేషన్ తీసేయించే ఫారం 35 చేతికి వచ్చాకే సొమ్ము పూర్తిగా ఇవ్వాలి.

పేరు మార్పు ఆలస్యం చేయడం ఇద్దరికీ ప్రమాదమే. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. రిజిస్ట్రేషన్ ఎవరి పేర ఉందో వారే యజమాని అని, ప్రమాద పరిహారం బాధ్యత వారి మీదే పడుతుందని 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సంతకాలు పెట్టిన ఖాళీ ఫారం 29, 30 (పేరు మార్పు కాగితాలు) చేతులు మారుతూ వచ్చిన బండి అయితే, ఎన్ని చేతులు మారిందో సీ బుక్‌లో కనిపించదు. "సెకండ్ ఓనర్" అన్న బండి నిజానికి ఐదో మనిషి దగ్గర ఉండొచ్చు. సీ బుక్‌లో పేరున్న మనిషితో నేరుగా మాట్లాడకుండా ముందుకు వెళ్లకూడదు.

ఎఫ్‌సీ లెక్క చాలామంది పట్టించుకోరు. కొత్త సరకు బండికి మొదటి ఫిట్‌నెస్ రెండేళ్లు. ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి. ఏడున్నరేళ్ల బండి కొంటే ఇక ఏటా తనిఖీ, ఏటా రంగులు, రిఫ్లెక్టర్ స్టిక్కర్లు, లైట్లు, ఆ పని మీద ఆగిపోయే రోజులు. ఏడేళ్ల బండికీ తొమ్మిదేళ్ల బండికీ ధరలో ఉండే తేడాలో కొంత ఇదే.

స్థూల బరువు (బండి, లోడు కలిపి) 3,000 కిలోలు దాటని సరకు బండికి చట్టం ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. దాటితే కావాలి. ఒకే పేరున్న పికప్‌లో పాసింగ్‌ను బట్టి కొన్ని ఈ గీతకు ఇటు, కొన్ని అటు ఉంటాయి. కాబట్టి సీ బుక్‌లో స్థూల బరువు చూడాల్సిందే. త్రైమాసిక పన్ను కట్టే బండి అయితే బకాయిలు, వాటి మీద జరిమానా కొత్త యజమాని మెడకే చుట్టుకుంటాయి. ఈ-చలాన్లూ అంతే. 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడు జరిమానా 20 వేలు, దానిపైన అదనపు టన్నుకు 2 వేలు. అలాంటి చలాను ఒక్కటి పెండింగ్‌లో ఉన్నా బేరంలో తగ్గించుకున్నది కరిగిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఏపీ 39తో మొదలుపెట్టి రాష్ట్రమంతటికీ ఒకటే సిరీస్ కావడంతో, నంబరు చూసి బండి ఏ జిల్లాదో చెప్పలేం. తీరప్రాంతంలో తిరిగిందా, మెట్ట ప్రాంతంలో తిరిగిందా అన్నది సీ బుక్‌లోని చిరునామా చూసి తెలుసుకోవాలి.

ఇన్సూరెన్స్ పాలసీ బండితో పాటు వస్తుంది, క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే నో క్లెయిమ్ బోనస్ రాదు. అది అమ్మినవారిది. ఏడున్నర టన్నుల లోపు సరకు బండికి థర్డ్ పార్టీ ప్రీమియమే 2022లో ఖరారైన రేటు ప్రకారం 16,049 రూపాయలు. సొంత డ్యామేజీ కవరు, పన్ను దానికి అదనం. నెలలో పాలసీ అయిపోతుందంటే ఆ మొత్తం ఇవాళ్టి ధరలో భాగమే.

కిస్తీలు కట్టక సీజ్ చేసిన బళ్లు యార్డుల్లో వేలానికి వస్తాయి. చవగ్గానే కనిపిస్తాయి గాని, ఉన్నది ఉన్నట్టుగా అన్న షరతు మీద అమ్ముతారు, లోడుతో తోలి చూసే వీలుండదు. కిస్తీ కట్టలేని మనిషి ఆయిల్ మార్పించి ఉంటాడని ఆశించడం కష్టం. ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో రకం కూడా ఉంది. ఇంటింటికీ రేషన్ ఇచ్చేందుకు 2021 జనవరిలో 9,260 చిన్న ట్రక్కులు రోడ్డెక్కాయి, 2025 జూన్ 1 నుంచి ఆ పంపిణీ ఆగింది. అలాంటి బండి అమ్మకానికి వస్తే దాని కిలోమీటర్లు తక్కువే ఉండొచ్చు, ఇంజిన్ కూడా నలగకపోవచ్చు. అవి రాయితీతో, రుణంతో ఇచ్చినవి గనక బదిలీకి ఏ అడ్డూ లేదని కాగితం మీద చూసుకోవాలి. తొట్టి మార్పిస్తే దాన్ని సీ బుక్‌లో ఎక్కించే ఖర్చు కలుపుకోవాలి.

ఒక బండి, ఒక లెక్క

ఏడేళ్ల బీఎస్-4 పికప్, 1.7 టన్నుల పాసింగ్, అడుగుతున్నది 5,80,000 అనుకుందాం. లెక్క చూపడానికి తీసుకున్న అంకెలివి. ఎవరి ఊళ్లో ధరలు వాళ్లు వేసుకోవాలి. వెనక టైర్లు రెండు 16 వేలు, క్లచ్ పని 15 వేలు, కమాన్ కట్టలు, బుష్‌లు 12 వేలు, ఎఫ్‌సీకి సిద్ధం చేయడం 20 వేలు, ఇన్సూరెన్స్ 30 వేలు, పేరు మార్పు ఖర్చులు 8 వేలు. మొత్తం 1,01,000. అంటే బండి రోడ్డెక్కే ధర 6,81,000.

ఐదేళ్లు తోలి రెండున్నర లక్షలకు అమ్మితే, అరిగిన విలువ 4,31,000. అరవై నెలలకు భాగిస్తే నెలకు 7,180. నాలుగున్నర లక్షలు 16 శాతం వడ్డీకి మూడేళ్ల అప్పు తీసుకుంటే వడ్డీ సుమారు 1,19,500, అరవై నెలల మీద పరిస్తే నెలకు దాదాపు 2 వేలు. మరమ్మతులకు నెలకు 4 వేలు. అన్నీ కలిపి 13,180.

అదే కొత్తది ఆన్ రోడ్ 10,80,000 అనుకుంటే, ఐదేళ్ల తర్వాత ఐదున్నర లక్షలకు పోతుంది. అరుగుదల నెలకు 8,830. తొమ్మిది లక్షల అప్పు 10 శాతానికి ఐదేళ్లంటే వడ్డీ సుమారు 2,47,000, నెలకు 4,120. మరమ్మతులు 1,500. మొత్తం 14,450.

తేడా నెలకు 1,270 రూపాయలు మాత్రమే. అడిగిన ధర చూస్తే పాతది కొత్తదానిలో సగానికి కాస్త ఎక్కువ. నెల ఖర్చు చూస్తే రెండూ దాదాపు పక్కపక్కనే ఉన్నాయి. పాత బండి నెలలో రెండు రోజులు ఎక్కువగా షెడ్డులో ఉండిపోయి, రోజుకు ఖర్చులు పోను 1,500 కిరాయి తప్పిపోతే 3 వేలు నష్టం. అప్పుడు పాత బండే నెలకు 1,730 ఖరీదైనది. అరవై నెలలకు ఆ తేడా 1,03,800. రోజూ కిరాయి తోలే మనిషి ఈ బండికి ఇవ్వదగ్గ ధర 4,76,000 దగ్గర ఆగిపోతుంది. అంతకు మించితే కొత్తది కొనడమే నయం.

అదే బండిని సొంత తోట ఉన్న రైతు చూస్తున్నాడనుకుందాం. మామిడికి రెండు నెలలు, కూరగాయలకు అప్పుడప్పుడు, మిగతా రోజులు ఇంటి దగ్గరే. బండి రెండు రోజులు షెడ్డులో ఉంటే పోయే కిరాయి లేదు. తిరుగుడు తక్కువ కాబట్టి మరమ్మతులు నెలకు 2 వేలు దాటవు. కొత్తది కొంటే పని లేని నెలల్లోనూ 19 వేల కిస్తీ కట్టాలి. అతనికి 5,80,000 కూడా మోయదగ్గ ధరే, కాస్త బేరమాడి తీసుకోవచ్చు. బండి ఒకటే, కాగితాలు అవే, ఇద్దరికీ సరైన ధరలో లక్ష తేడా. ఇరుగుపొరుగు ఎంతకు కొన్నారన్నది అడిగి ధర తేల్చుకోవడం పనికిరానిది ఇందుకే.

ఇంకో ఉచిత సాక్ష్యం ఫైనాన్స్ కంపెనీ. పాత బండికి అప్పిచ్చే ముందు వాళ్లు సొంతంగా విలువ కట్టిస్తారు, అప్పు ఆ విలువ మీదే ఇస్తారు. వాళ్లు నాలుగున్నర లక్షలు విలువ కట్టిన బండికి ఐదు ఎనభై అడుగుతున్నారంటే, మిగతా లక్షా ముప్పై వేలకు హామీ కొనేవారి నమ్మకమే. అప్పు అవసరం లేకపోయినా ఆ విలువ ఎంతో కనుక్కోవచ్చు.

బేరానికి కూర్చున్నప్పుడు "తగ్గించండి" అన్న మాటకు విలువ లేదు, దానికి జవాబుగా పదివేలు తగ్గిస్తారు. టైర్లు, క్లచ్, ఎఫ్‌సీ, ఇన్సూరెన్స్ అని పద్దులవారీగా రాసి, మెకానిక్ వేసిన ఎస్టిమేటు ముందు పెడితే మాట బండి మీదికి మళ్లుతుంది. అప్పుడు కూడా అమ్మేవాళ్లు కదలకపోతే లేచి రావడమే. జనవరి పంటలకు ముందు, మామిడి సీజన్‌కు ముందు ధరలు బిగుసుకుంటాయి. వానాకాలం మధ్యలో కిరాయిలు తగ్గినప్పుడు అవే బళ్లు దిగివస్తాయి.

ధర కుదిరాక అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు రాసిన కాగితం మీద ఇద్దరి సంతకాలు ఉండాలి. ఛాసిస్ మీద కొట్టిన నంబరును సీ బుక్‌తో స్వయంగా పోల్చి చూసుకోవాలి. ఫైనాన్స్ బాకీ ఉంటే ఆ మొత్తం అమ్మేవారి చేతికి కాకుండా నేరుగా రుణ ఖాతాలో జమ చేయాలి. డెలివరీ తేదీ, సమయం కూడా ఆ కాగితంలో రాయించుకుంటే అంతకుముందు పడిన చలాన్లు ఎవరివో తర్వాత వాదన ఉండదు. పేరు మారి కొత్త సీ బుక్ చేతికొచ్చే దాకా ఒక ఇరవై వేలు ఆపి ఉంచుకుంటామని మొదటి రోజే చెప్పాలి. నిజాయతీగా అమ్మేవాళ్లకు దాంతో పేచీ ఉండదు.